చల్లకుండ, మందుసీసా

వనపర్తి ప్రాంతమునుండి ఒక సోదరి మా కేంద్రమునకు జాబు వ్రాసిరి. వానకాలము మొదట ఆమె రెండేండ్ల బిడ్డకు విరేచనములు పట్టుకొనెను. మందుల అంగడివారు చిన్న పొట్లములో తెల్లని పొడి ఇచ్చి, “ఇందులో మేలుచేయు సూక్ష్మజీవులు ఉన్నవి, నీళ్లలో కలిపి తాగించుడు” అనిరి. ఇంటిలోని అత్తగారు ఆ పొట్లము వెల విని, “మన చల్లలో లేనిది అందులో ఏమున్నదే?” అని కోడలిని అడిగిరి. బిడ్డ నాలుగు దినములకు కోలుకొనెను. కాని సందేహము మాత్రము మిగిలెను. “అయ్యా, అంగడివారి మాట నిజమా? మా అత్తమ్మ మాట నిజమా?” అని ఆ సోదరి ప్రశ్న.

ఈ ప్రశ్న ఆమె ఒక్కరిదే కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో నేడు ఏ మందుల అంగడికి పోయినను ప్రోబయోటిక్కులను పొట్లములు, గొట్టములు, సీసాలు కానవచ్చును. మరొక ప్రక్క, మన అంబలియు సద్దియు సర్వరోగ నివారిణులని చెప్పువారును పెరిగిరి. ఈ రెండు మాటలలో గట్టిగింజ ఎంత, తాలు ఎంత అని చెరిగి చూచుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మొదట మన కడుపులోని కాపురమును గూర్చి తెలిసికొందము. పెద్దవారిలో చిన్నప్రేవు సుమారు 6 మీటర్ల పొడవును, పెద్దప్రేవు సుమారు ఒకటిన్నర మీటరు పొడవును ఉండును. సూక్ష్మజీవులలో అత్యధిక భాగము ఈ పెద్దప్రేవులోనే నివసించును. 2016లో శాస్త్రజ్ఞులు కట్టిన లెక్క ప్రకారము ఒక మనిషి దేహములోని సూక్ష్మజీవులు దాదాపు 38 లక్షల కోట్లు. ఆ మనిషి సొంత జీవకణములు 30 లక్షల కోట్లు. అనగా మన ఇంటిలో మనకంటె అతిథులే కొంచెము ఎక్కువ. అయినను వీటినన్నిటిని ఒకచోట చేర్చి తూచినచో 200 గ్రాములకు మించవు.

ఈ అతిథులు ఊరక తిని కూర్చుండునవి కావు. జొన్నరొట్టెలోను, పప్పులోను, ఆకుకూరలోను మన జీర్ణరసములకు లొంగని పీచు పదార్థము కొంత మిగిలి పెద్దప్రేవునకు చేరును. సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి కొన్ని చిన్న ఆమ్లములుగా మార్చును. వానిలో బ్యుటిరేటు అనునది పెద్దప్రేవు లోపలి పొరకు ముఖ్యాహారము. అంతేకాదు, ఉన్న చోటునంతటిని ఈ కాపురస్థులే ఆక్రమించి, ఉన్న తిండిని తామే తినివేయుటచేత, బయటినుండి వచ్చు రోగకారక జీవులకు కాలుమోపు తావు దొరకదు. పంట దట్టముగా ఉన్న చేనిలో కలుపు మొలవజాలనట్లు అన్నమాట.

మన ప్రాంతపు తిండికిని ఈ కాపురమునకును గల సంబంధమును గూర్చి ఒక మంచి పరిశోధన జరిగినది. అస్సాము, మణిపురము, సిక్కిము, తెలంగాణ ప్రాంతములకు చెందిన 15 గిరిజన తెగల ప్రజల ప్రేవులలోని సూక్ష్మజీవులను పరిశీలించి 2015లో ఫలితములు ప్రకటించిరి. భాషలు వేరు, కొండలు వేరు అయినను, వారందరిలో ప్రివొటెల్లా అను జాతి ప్రధానముగా కనబడెను. ధాన్యములు, పీచు అధికముగా తినువారిలో ఈ జాతి ఎక్కువగా ఉండుట లోకమందు పలుచోట్ల గమనింపబడిన విషయమే. మనము ఏమి తిందుమో దానినిబట్టియే మనలో ఎవరు కాపురముందురో తేలును.

ఇక బయటినుండి సూక్ష్మజీవులను తెచ్చి లోపల ప్రవేశపెట్టవచ్చునను ఆలోచన ఎట్లు పుట్టినదో చూతము. పారిసులోని పాశ్చరు సంస్థలో పనిచేసిన రష్యా దేశీయుడు మెచ్నికాఫ్ 1908లో నోబెలు బహుమానము పొందిన మహాశాస్త్రజ్ఞుడు. బల్గేరియా రైతులు దీర్ఘాయుష్మంతులనియు, అందుకు వారు తాగు పుల్లని పాలే కారణమనియు ఆయన నమ్మెను. 1907లో వెలువడిన తన గ్రంథములో ఈ వాదమును వివరించెను. తానును నిత్యము పుల్లని పాలు సేవించెను. 71వ ఏట 1916లో మరణించెను. ఆయన వాదము పూర్తిగా నిలువలేదు. ఆయుర్దాయమునకు పుల్లని పాలు ఒక్కటే కారణమని నేడు ఎవరును అనరు. కాని ప్రేవులలోని జీవులను మార్చి ఆరోగ్యమును మార్చవచ్చునను ఆయన ఊహ మాత్రము నిలిచినది. 1917లో జర్మనీలో నిస్లె, 1930లో జపానులో షిరోటా ఒక్కొక్క మేలుజాతిని వేరుచేసిరి. షిరోటా జాతితో చేసిన పానీయము 1935 నుండియే అంగళ్లలో అమ్మబడెను.

ప్రోబయోటిక్కు అనగా ఏమో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థయు కూడి 2001లో నిర్వచించినవి. ఆ నిర్వచనములో మూడు షరతులు గలవు. అవి ప్రాణముతో ఉన్న సూక్ష్మజీవులై యుండవలెను. తగిన పరిమాణములో లోనికి పోవలెను. పుచ్చుకొన్నవారికి ఆరోగ్యలాభము కలిగింపవలెను. ఇందులో మూడవ షరతే కఠినమైనది. లాభము కలుగునని నమ్మిన చాలదు. ఫలానా జాతి, ఫలానా పరిమాణములో, ఫలానా జబ్బునకు లాభించినదని మనుష్యులపై పరీక్షచేసి చూపవలెను.

ఈ మూడు షరతులను చేతబట్టుకొని మన వంటయింటిలోనికి పోదము.

మొదటిది చల్లకుండ. గోరువెచ్చని పాలలో ఒక చెంచాడు తోడు వేసినచో, ఆ తోడులోని జీవులు పాలలోని చక్కెరను తిని పుల్లని ఆమ్లముగా మార్చును. ఆ పులుపునకు పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి పెరుగగును. గ్రాము పెరుగులో కోట్లకొలది సజీవులు ఉండును. కావున మొదటి షరతు నెరవేరినది. కాని ఏ ఇంటి తోడు ఆ ఇంటిదే. అలంపురములోని తోడులో ఉన్న జాతులే అచ్చంపేటలోని తోడులో ఉండునని చెప్పజాలము. నేటి తోడులో ఉన్నవి రేపటి తోడులో అదే పాళ్లలో ఉండవు. అదిగాక కడుపులోని ఆమ్లమునకు, పైత్యరసమునకు పెక్కు పెరుగు జీవులు తాళజాలవు. అందుచేత ఇంటి పెరుగును శాస్త్రజ్ఞులు సాధారణముగా మేలైన పులిసిన ఆహారమందురే గాని, ప్రోబయోటిక్కు అనరు.

అట్లని పెరుగు విలువ తగ్గలేదు. దక్షిణ భారతీయులలో పెద్దవారైన పిదప పాలచక్కెరను జీర్ణించుకొను శక్తి తగ్గువారు చాలమంది గలరు. పాలు తాగిన కడుపుబ్బును. అట్టివారికే పెరుగు సుఖముగా జీర్ణమగును. తోడు జీవులు ఆ చక్కెరను కొంత ముందే తినివేయును, మిగిలినదానిని ప్రేవులలో విరుచుటకు సాయపడును. ఈ ఒక్క మేలు మాత్రము నిస్సందేహముగా రుజువైనది.

రెండవది అంబలి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఎండకాలము గడచుటకు అంబలియే తోడు. జొన్నపిండినో రాగిపిండినో రాత్రి నీటిలో కలిపి పులియనిచ్చి, తెల్లవారి కాచి, చల్లారిన పిదప చల్ల పోసి ఉప్పు కలుపుకొని తాగుదురు. ఇందులో ఒక మర్మము గలదు. రాత్రి పులియునపుడు పెరిగిన జీవులు ఉదయము కాచునపుడు చచ్చును. కావున అంబలిలోని సజీవులు పిండివి కావు, పిదప పోసిన చల్లవి. మరి రాత్రి పులియుట వృథాయా అన్నచో, కాదు. ధాన్యములో ఇనుమును, జింకును పట్టియుంచు ఫైటికామ్లము పులియుటచేత తగ్గును. అందుచేత ఆ ఖనిజములు దేహమునకు ఎక్కువగా అందును. జీవులు చచ్చినను అవి చేసిన పని మిగిలినది.

మూడవది సద్ది. వండి చల్లారిన అన్నములోని గంజిపదార్థములో కొంత జీర్ణరసములకు లొంగని రూపమునకు మారును. అది పెద్దప్రేవునకు చేరి అక్కడి కాపురస్థులకు మేతయగును. ఇట్టి మేతకు ప్రిబయోటిక్కు అని పేరు. ఇచట ఒక హెచ్చరిక. అన్నము ఉడికినను చావని కొన్ని బీజరూప జీవులు గలవు. అన్నమును వెచ్చని చోట ఊరక వదలినచో అవి మొలచి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. చల్ల కలిపి పులియబెట్టిన సద్దికి పులుపే కాపలా. పులియక చెడిన అన్నము సద్ది కాదు. వాసన తేడాగా ఉన్న అన్నమును పిల్లలకు పెట్టరాదు.

ఇప్పుడు మందుసీసా సంగతి. వీనికి రుజువులు ఉన్న చోట్లు కొన్ని గలవు. ఒడిశాలోని పల్లెలలో 4,500 మందికి పైగా నవజాత శిశువులపై జరిగిన పరీక్ష 2017లో ప్రకటింపబడినది. పుట్టిన కొలది దినములలోనే కొందరికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను జాతిని దాని మేతతో కలిపి 7 దినములు ఇచ్చిరి. మిగిలినవారికి ఉత్త పొడి ఇచ్చిరి. రెండు నెలలలోపల రక్తమునకు విషముసోకుటయో మరణమో సంభవించినది ఉత్త పొడివారిలో నూటికి 9 మందికి, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 5.4 మందికి. ఇది సామాన్యమైన మేలు కాదు. కలకత్తా పేటలలో 1 నుండి 5 ఏండ్లలోపు 3,700 మందికి పైగా పిల్లలకు ప్రతిదినము ఒక ప్రోబయోటిక్కు పానీయము ఇచ్చి చూచినచో విరేచనములు నూటికి 14 పాళ్లు తగ్గినవి. ఇది మేలే, కాని చిన్న మేలు. యాంటీబయోటిక్కులు వాడునపుడు వచ్చు విరేచనములను కొన్ని జాతులు కొంత నివారించుననుటకును ఆధారములు గలవు.

రుజువు నిలువని చోట్లును గలవు. పిల్లలకు అకస్మాత్తుగా వచ్చు వాంతి విరేచనములలో ప్రోబయోటిక్కులు పనిచేయునా అని అమెరికాలో 971 మందిపైనను, కెనడాలో 886 మందిపైనను పరీక్షించి 2018లో ఫలితములు ప్రకటించిరి. మందు ఇచ్చినవారికిని, ఇయ్యనివారికిని భేదము కానరాలేదు. అమెరికా దేశపు జీర్ణకోశ వైద్యుల సంఘము 2020లో తమ దేశములోని ఇట్టి పిల్లలకు వీనిని వాడవద్దనియే సూచించినది. అదే యేడు 2018లో వెలువడిన మరియొక పరిశోధనలో, యాంటీబయోటిక్కుల తరువాత ప్రోబయోటిక్కులు పుచ్చుకొన్నవారిలో సొంత కాపురస్థులు తిరిగివచ్చుట ఆలస్యమైనట్లు తేలినది. కొత్తవారు గది ఆక్రమించినచో పాతవారికి చోటు దొరకలేదు కాబోలు.

అపాయమైన చోట్లును లేకపోలేదు. క్లోమగ్రంథికి తీవ్రమైన వాపు వచ్చిన రోగులపై నెదర్లాండ్సు దేశములో చేసిన పరీక్షఫలితము 2008లో వెలువడినది. ప్రోబయోటిక్కులు ఇచ్చిన 152 మందిలో 24 మంది, ఇయ్యని 144 మందిలో 9 మంది మరణించిరి. నెలలు నిండక పుట్టిన శిశువుల విషయమున వైద్యుని పర్యవేక్షణ లేక వీనిని వాడరాదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. “మంచి జీవులే కదా, ఏమి చేయును” అని అనుకొనరాదు. జీవి మంచిదైనను చోటు మంచిది కావలెను, ఆతిథ్యమిచ్చు దేహము దృఢముగా ఉండవలెను.

చోటు అన్నప్పుడు మన తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్మరణకు వచ్చుచున్నారు. 1895లో భీమవరమున జన్మించిన ఈ మహానుభావుని యౌవనములో స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి ఆయన సోదరుని పొట్టన పెట్టుకొనెను. ఆయననును మంచము పట్టించెను. ఈ వ్యాధిలో ఉండరానన్ని సూక్ష్మజీవులు చిన్నప్రేవులో చేరి, తిన్నది ఒంటబట్టనీయవు. దేహములో ఫోలికామ్లము అను జీవసత్త్వము తరిగి రక్తము క్షీణించును. 1923లో అమెరికాకు పోయిన సుబ్బారావుగారు, పిదప లెడర్లీ సంస్థలో తన సహచరులతో ఆ ఫోలికామ్లమును వేరుచేసి, 1945 నాటికి కృత్రిమముగా తయారుచేయించిరి.

ఇందులో వింత ఏమనగా, ఆ వెదకులాటలో వారికి త్రాసుగా పనిచేసినది పాలను పులియబెట్టు జాతికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసియై అను సూక్ష్మజీవియే. ఆ జీవి ఫోలికామ్లము లేనిదే పెరుగజాలదు. కాలేయపు రసమును పలు భాగములుగా విడదీసి, ఏ భాగములో అది బాగుగా పెరిగినదో చూచి, జీవసత్త్వము అందులో ఉన్నదని గుర్తించిరి. నేటికిని సంగ్రహణికి ఫోలికామ్లముతోబాటు టెట్రాసైక్లిను జాతి మందులు ఇత్తురు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిను కూడ సుబ్బారావుగారి ఆధ్వర్యములోనే 1948లో వెలువడెను. ఆ యేటనే ఆయన కన్నుమూసిరి. ఒక సూక్ష్మజీవి రోగమును పట్టియిచ్చుటకు తోడ్పడెను. చేరరాని చోట చేరిన సూక్ష్మజీవులు ఆ రోగమునే కలిగించెను. సూక్ష్మజీవులలో మంచి చెడ్డలు పుట్టుకతో నిర్ణయమగునవి కావని ఇంతకంటె తేటగా చెప్పు ఉదంతము మరియొకటి మాకు తోచదు.

ఇక ఆ సోదరి ప్రశ్నకు వత్తము. బిడ్డకు విరేచనములు పట్టుకొన్నపుడు చంపునది రోగము కంటె ముందు నీటి కొరత. దేహములోని నీరును ఉప్పును పోవుటచేతనే బిడ్డ సోలిపోవును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయమున బనగావ్ శరణార్థుల శిబిరములో కలరా చెలరేగెను. సూదిద్వారా ఎక్కించు ద్రవము అయిపోవుచుండగా, వైద్యుడు దిలీప్ మహాలనబీస్‌గారు ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీటిని రోగులచేత తాగించిరి. నూటికి 30 వరకు ఉండిన మరణములు 4కు లోపునకు దిగినవి. నేడు ప్రతి ఆరోగ్య కేంద్రములో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ జ్ఞానముయొక్క ఫలమే.

కావున వరుస ఇది. విరేచనము మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. కలిపిన నీరు కొంచెము కొంచెముగా, మాటిమాటికి తాగింపవలెను. పొట్లము అందుబాటులో లేకున్నచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవలెను. చెంచాలు తలగొట్టినవై యుండవలెను, ఉప్పు ఎక్కువైనచో ప్రమాదము. చనుబాలు ఆపరాదు. తిండి మానిపింపరాదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకు 14 దినములు ఇయ్యవలెను. విరేచనములు ఆగినను జింకు ఆపరాదు. బిడ్డ తాగలేకున్నను, కన్నులు లోతుకు పోయినను, మలములో రక్తము కానవచ్చినను, మత్తుగా పడియున్నను ఇక ఇంటిలో క్షణము నిలువక ఆసుపత్రికి కొనిపోవలెను.

ఈ వరుసలో ప్రోబయోటిక్కు పొట్లమునకు చోటు కడపటిది. వైద్యుడు వ్రాసినచో ఇయ్యవచ్చును. అది కొని, ఓ.ఆర్.ఎస్.ను, జింకును కొనకపోవుట మాత్రము మూటను విడిచి ముడిని పట్టుకొనుట వంటిది. చల్లకు ఇందులో మంచి చోటే ఉన్నది. తిండి తిను వయస్సు వచ్చిన బిడ్డకు చిటికెడు ఉప్పు కలిపిన పలుచని చల్లను ఓ.ఆర్.ఎస్.తోబాటు ఇంటి పానీయముగా ఇయ్యవచ్చును. దానికి బదులుగా కాదు.

పెద్దవారు ఎవరైన ప్రోబయోటిక్కు కొనదలచినచో కొన్ని జాగ్రత్తలు చెప్పుదుము. చీటీపై జాతిపేరు మాత్రమే కాక ఉపజాతి గుర్తు కూడ ఉన్నదా చూడవలెను. భారత వైద్య పరిశోధనా మండలియు జీవసాంకేతిక శాఖయు 2011లో చేసిన మార్గదర్శకములు దీనిని కోరుచున్నవి. ఎన్ని కోట్ల సజీవులు ఉన్నవో, గడువు ఎంతవరకో, ఎంత చల్లదనములో నిలువచేయవలెనో చూడవలెను. మే నెలలో మన ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటును. ఆ ఎండలో అంగడి ముందర నిలిచిన సీసాలో సజీవులకు బదులు శవములే మిగులవచ్చును. వెల మాత్రము తగ్గదు. నెలల తరబడి కడుపునొప్పియో, విరేచనములో, బరువు తగ్గుటయో ఉన్నవారు సీసాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపుకొనవలెను.

సోదరీ, మీ అత్తగారి మాట సగము నిజము. అంగడివారి మాటయు సగము నిజము. చల్లలో సజీవులు ఉన్నవి, కాని అవి మందు కావు. పొట్లములోని జీవులకు పేరును లెక్కయు ఉన్నవి, కాని మీ బిడ్డ జబ్బునకు అవి అక్కరకు వచ్చునని నిలకడగా రుజువు కాలేదు. ఆ నాలుగు దినములలో మీరు బిడ్డకు మాటిమాటికి ఏమి తాగించితిరో జాబులో వ్రాయలేదు. మా దృష్టికి అదియే అసలు ప్రశ్న. ఈసారి వానలకు ముందే రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములు తెచ్చి ఉప్పుడబ్బా ప్రక్కన ఉంచుకొనుడు. చల్లకుండను ఎప్పటివలె ఉట్టిపై ఉండనిండు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, చల్ల మీ ఇంటిల్లిపాదికి నిత్యము కలిగినచో, ప్రేవులలోని కాపురస్థులు తమ పని తామే చూచుకొందురు.